టిఫినుకు ముందు సూది

టైప్ 1 మధుమేహం ఒంట్లో ఇన్సులిన్ తయారీ దాదాపు పూర్తిగా ఆగిపోవడం వల్ల వచ్చే జబ్బు. పాలు తాగే పసివాళ్లు మొదలుకొని ఎవరికైనా రావచ్చు గానీ పిల్లల్లో ఎక్కువగా బయటపడేది బడికి వెళ్లే వయసులోనే. జీర్ణాశయం వెనక అడ్డంగా ఉండే క్లోమగ్రంథిలో చిన్న చిన్న కణాల గుంపులుంటాయి. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి వాటిని వర్ణించాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. ఇన్సులిన్‌ను తయారుచేసేది ఆ గుంపుల్లోని బీటా కణాలు. సూక్ష్మజీవుల మీదికి వెళ్లాల్సిన రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి ఈ కణాలనే చంపేయడం మొదలుపెడుతుంది. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఇది చడీచప్పుడూ లేకుండా సాగుతుంది. లక్షణాలు కనిపించే నాటికి చాలామటుకు కణాలు పోయి ఉంటాయి.

ఇన్సులిన్ లేకపోతే రక్తంలో చక్కెర ఎంత ఉన్నా కండరాలకు, కొవ్వు కణాలకు అందదు. తిన్నది ఒంటబట్టక శరీరం తన కొవ్వునూ కండనూ తానే కరిగించుకుంటుంది. కొవ్వు అలా హడావుడిగా కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలే కీటోన్లు. ప్రాణాపాయం తెచ్చేది అవి పేరుకుపోవడమే.

పెద్దవాళ్లకు సాధారణంగా వచ్చే షుగర్ వేరు. అది టైప్ 2. అందులో ఇన్సులిన్ ఉంటుంది, ఒళ్లే దానికి సరిగా స్పందించదు. నడక, తిండి తగ్గించడం, మాత్రలతో చాలామంది చాన్నాళ్లు నెట్టుకొస్తారు. రెండు జబ్బులకూ ఇంట్లో ఒకటే పేరు కావడం పిల్లల పాలిట శాపమైంది. చూడవచ్చిన చుట్టాలు ‘చిన్నప్పటి నుంచీ అడిగిందల్లా పెట్టారు, అందుకే’ అని తల్లిని అంటారు. ఇంకొకరు తమ మామయ్యకు కాకరకాయ రసంతో దిగివచ్చిందని చెబుతారు. మామయ్యది టైప్ 2 అన్న సంగతి ఆ మాటల్లో ఎక్కడా ఉండదు. మిఠాయిలు తినడం వల్ల టైప్ 1 రాదు. కాకర రసం, మెంతులు, పసరు మందు ఏవీ చచ్చిపోయిన బీటా కణాలను తిరిగి తేలేవు. వాటిని నమ్మి సూది ఆపితే కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల్లోనే, బిడ్డ ఐసీయూకి చేరవచ్చు.

అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2021లో వెలువరించిన అట్లాసు ప్రకారం, ఇరవై ఏళ్ల లోపు వయసులో టైప్ 1 ఉన్నవాళ్లు భారతదేశంలో సుమారు 2,29,000 మంది. మరే దేశంలోనూ ఇంతమంది లేరు.

చీమలు ముందు పసిగట్టేవి

రక్తంలో చక్కెర డెసిలీటరుకు దాదాపు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు దాన్ని ఆపలేక మూత్రంలోకి వదిలేస్తాయి. చక్కెర పోతూ పోతూ నీటిని వెంట లాక్కుపోతుంది. అందుకే మాటిమాటికీ మూత్రం, గుక్క తిప్పుకోనివ్వని దాహం, ఎంత తిన్నా తగ్గిపోయే బరువు. పక్క తడపడం ఎప్పుడో మానేసిన బిడ్డ మళ్లీ తడపడం మొదలుపెడితే అది పెద్ద గుర్తు. పెరట్లో బిడ్డ మూత్రం పోసిన చోట చీమలు చేరడాన్ని డాక్టరు కంటే ముందు అమ్మమ్మ గమనించిన ఇళ్లున్నాయి. మధుమేహం అన్న పాత పేరులోనూ ఉన్నది ఈ తీపి మూత్రమే. బడిలో మాత్రం ఇదే లక్షణం క్రమశిక్షణ సమస్యగా మారుతుంది. పీరియడుకు రెండుసార్లు బయటికి వెళ్తానని చెయ్యెత్తే పిల్లవాడికి ముందు దొరికేది చీవాట్లే.

ఈ దశ దాటితే వాంతులు, కడుపునొప్పి, మత్తు వస్తాయి. ఊపిరి లోతుగా, వేగంగా ఆడుతుంది. నోటి నుంచి మాగిన పండు వాసన కొడుతుంది. ఇది కీటోఆసిడోసిస్. కడుపునొప్పిని చూసి అపెండిసైటిస్ అనుకోవడం, ఎగశ్వాసను చూసి ఉబ్బసమో న్యుమోనియానో అనుకోవడం అరుదేమీ కాదు. అన్నిటికంటే ప్రమాదకరమైనది ‘నీరసంగా ఉన్నాడు’ అని గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం. ఊళ్లో ఏ జబ్బుకైనా మొదటి మర్యాదగా జరిగే ఈ పని ఇక్కడ నిప్పులో నెయ్యి పోయడమే. వేలు గుచ్చి ఒక చుక్క రక్తం స్ట్రిప్ మీద పెడితే అర నిమిషంలోపు సంగతి తేలిపోతుంది. లక్షణాలతో పాటు అంకె 200 దాటి ఉంటే ఆ రోజే పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలి. రేపు పరగడుపున మళ్లీ చూద్దాం అని ఆగే జబ్బు కాదిది.

ముందుగా గుర్తించడానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదని ఇటలీలోని పార్మా ప్రాంతం 1990లలోనే చూపించింది. పక్క తడపడం మళ్లీ మొదలైతే షుగర్‌ను అనుమానించమని చెప్పే పోస్టర్లను అక్కడ బడుల్లో, డాక్టర్ల గదుల్లో అంటించారు. అంతకుముందు కొత్తగా జబ్బు బయటపడిన పిల్లల్లో 78 శాతం మంది కీటోఆసిడోసిస్‌తో ఆస్పత్రికి వచ్చేవాళ్లు. కొన్నేళ్లలో అది 12.5 శాతానికి పడిపోయింది.

టొరంటోలో ఒక జనవరి

1922కు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు బతికేవాళ్లు కాదు. దాదాపు పస్తులుంచే ఆహార నియమంతో కొన్నాళ్లు పొడిగించడం తప్ప డాక్టర్ల చేతిలో ఏమీ ఉండేది కాదు. 1921లో కెనడాలోని టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్ల్స్ బెస్ట్ కుక్కల క్లోమగ్రంథి నుంచి పసరు లాంటి ద్రవాన్ని తీశారు. ప్రయోగశాల పెద్ద జాన్ మెక్లియోడ్. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటి సూది వేశారు. అది అంత శుద్ధంగా లేదు, పెద్దగా పనిచేయలేదు. జేమ్స్ కాలిప్ దాన్ని శుద్ధిచేసి ఇచ్చాక జనవరి 23న మళ్లీ మొదలుపెడితే చక్కెర దిగింది. ఆ అబ్బాయి మరో 13 ఏళ్లు బతికాడు. పేటెంటును ఒక్కొక్కరికి ఒక్క డాలరు చొప్పున తీసుకుని విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. బాంటింగ్ పుట్టినరోజు నవంబరు 14ను ప్రపంచ డయాబెటిస్ దినంగా పాటిస్తున్నారు. భారతదేశంలో అదే బాలల దినోత్సవం కావడం కాకతాళీయమే. అయినా ఆ రోజు బళ్లలో చాక్లెట్లు పంచడమే తప్ప, చాక్లెట్ తినడానికి ముందు లెక్క వేసుకోవాల్సిన పిల్లల సంగతి ఎత్తేవాళ్లు తక్కువ.

పొద్దున ఏడింటి లెక్క

ఈ జబ్బుకు వైద్యం ఆస్పత్రిలో మొదలవుతుంది గానీ నడిచేది వంటింట్లో. డాక్టరు మూడు నెలలకోసారి కనిపిస్తాడు. ఈ మధ్యలో రోజుకు మూడు నాలుగు సార్లు మోతాదు తేల్చేది అమ్మో, నాన్నో, బిడ్డో. మందు మోతాదును పూటపూటకూ ఇంట్లోవాళ్లే నిర్ణయించే జబ్బులు ఎక్కువ లేవు.

ఆరోగ్యవంతుడి క్లోమగ్రంథి రోజంతా కొద్దికొద్దిగా ఇన్సులిన్ వదులుతూ, తిన్నప్పుడల్లా ఒక్కసారిగా ఎక్కువ వదులుతుంది. దాన్ని అనుకరించడమే చికిత్స. రోజంతా పనిచేసేది ఒక సూది, ప్రతి భోజనానికీ త్వరగా పనిచేసేది ఒక్కోటి, వెరసి రోజుకు నాలుగు. ఒక పూట ఎలా గడుస్తుందో చూస్తే మిగతావి అర్థమవుతాయి. పొద్దున ఏడింటికి వేలు గుచ్చితే మీటరు 220 చూపించింది అనుకుందాం. పళ్లెంలో మూడు ఇడ్లీలున్నాయి. మధ్యరకం ఇడ్లీలో పిండిపదార్థం సుమారు 10 గ్రాములు, మూడింటికి 30. ఈ బిడ్డకు 15 గ్రాములకు ఒక యూనిట్ అని డాక్టరు చెప్పాడు గనక తిండికి రెండు యూనిట్లు. చక్కెర 120కి దిగాలి, అంటే వంద తగ్గాలి. ఒక యూనిట్ యాభై దించుతుందని ఈ బిడ్డ విషయంలో తేలింది గనక దానికి మరో రెండు. మొత్తం నాలుగు. ఈ నిష్పత్తులు బిడ్డ బిడ్డకూ వేరు, ఒకే బిడ్డకు పొద్దుటికీ సాయంత్రానికీ వేరు, పెరిగేకొద్దీ మారతాయి.

లెక్క తేలాక సూది వేసి ఆగాలి. పాత రకం రెగ్యులర్ ఇన్సులిన్ అయితే అరగంట. కొత్త రకాలైతే పది పదిహేను నిమిషాలు. బడి బస్సు ఏడూ నలభైకి వచ్చే ఇంట్లో అరగంట ఆగడమంటే బిడ్డను అరగంట ముందు లేపడమే. సూది పడ్డాక ‘నాకు ఇడ్లీ వద్దు’ అని బిడ్డ మొండికేస్తే అది మామూలు మారాం కాదు. లోపలికి వెళ్లిన నాలుగు యూనిట్లు తిండి కోసం ఎదురుచూడవు, తమ పని తాము చేసుకుపోతాయి. అప్పటికప్పుడు అమ్మ ఇడ్లీ బదులు దోసె వేస్తుందో, పాలే ఇస్తుందో, అంతే పిండిపదార్థం ఏదో ఒక రూపంలో లోపలికి పోవాలి.

అన్నం తినే ఇళ్లలో ఈ లెక్క మరీ కష్టం. గరిటె గరిటెకూ కొలత మారుతుంది. కొంతమంది తల్లులు ఒక గిన్నెను కొలతగా పెట్టుకుని అది తలకొట్టి నింపితే ఎన్ని గ్రాములో ఒకసారి తూచి, ఆ తర్వాత అదే గిన్నెను వదలకుండా వాడతారు. బిర్యానీది మరో తమాషా. అందులోని నూనె, నెయ్యి అరుగుదలను నెమ్మదింపజేస్తాయి. తిన్న రెండు గంటలకు మీటరు బుద్ధిగానే ఉంటుంది, అర్ధరాత్రికి 300 చూపిస్తుంది. బెల్లం, తేనె చక్కెర కాదన్న నమ్మకానికి మీటరు దగ్గర విలువ లేదు. అరిసె అరిసే.

రోజుకు రెండే సూదులతో, కలిపి అమ్మే మిశ్రమ ఇన్సులిన్‌తో గడిపే పిల్లలూ చాలామంది ఉన్నారు. ఖర్చు తక్కువ, లెక్కలు తక్కువ. దానికి బదులు జీవితం గడియారానికి కట్టుబడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు తినాల్సిన అన్నం రెండింటికి జరిగితే పొద్దున వేసిన మందు ఈలోపే చక్కెరను పడగొట్టేస్తుంది. వీలుంటే పిల్లలకు నాలుగు సూదుల పద్ధతే మేలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. అమెరికాలో, కెనడాలో 1,441 మందితో జరిగి 1993లో ముగిసిన డీసీసీటీ అధ్యయనం ఇందుకు ఆధారం. చక్కెరను గట్టిగా అదుపులో పెట్టినవాళ్లలో కంటి జబ్బు ముప్పు 76 శాతం తగ్గిందని అది చూపించింది.

ఎర్ర మూత, నారింజ మూత

భారతదేశంలో ఇన్సులిన్ రెండు గాఢతల్లో దొరుకుతుంది. మామూలు సీసాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పెన్నుల్లో, కొన్ని సీసాల్లో 100. సిరంజిలూ రెండు రకాలు. 40 గాఢతకు ఎర్ర మూత ఉన్నది, 100 గాఢతకు నారింజ మూత ఉన్నది. మందుల షాపులో ‘ఇన్సులిన్ సిరంజి’ అని మాత్రమే అడిగితే ఏది చేతికొస్తుందో చెప్పలేం. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 10 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది నాలుగు యూనిట్లే. తారుమారై 100 సీసాకు ఎర్ర మూత సిరంజి పడితే పది గీత దగ్గర ఇరవై అయిదు యూనిట్లు వెళ్లిపోతాయి. పెద్దవాళ్లయినా తట్టుకోలేని పొరపాటిది. కొత్తగా జబ్బు బయటపడ్డ కుటుంబానికి ఆస్పత్రిలో ఒక్కటంటే ఒక్కటే నేర్పే వ్యవధి ఉంటే, నేర్పాల్సింది సీసా మీది అంకె, సిరంజి మూత రంగు కలిపి చూసుకోవడమే.

సూది వేయడంలో మిగతా మెళకువలు చేతికి త్వరగానే వస్తాయి. పాలలా ఉండే ఇన్సులిన్ సీసాను గిలకొట్టకుండా అరచేతుల మధ్య దొర్లించాలి. నీళ్లలా ఉండేదీ పాలలా ఉండేదీ ఒకే సిరంజిలో కలపాల్సి వస్తే ముందు నీళ్లలాంటిది లాగాలి. పొట్ట, తొడ, జబ్బ, పిరుదు మారుస్తూ వేయాలి. నొప్పి తెలియడం లేదని ఒకే చోట వేస్తూపోతే అక్కడ కొవ్వు గడ్డకట్టి మెత్తని ఉబ్బులా తయారవుతుంది. పిల్లలు అక్కడే వేయమంటారు, నొప్పి ఉండదు గనక. మందు మాత్రం అక్కడి నుంచి ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ ఎక్కుతుంది. కారణం తెలియని ఎగుడుదిగుళ్లకు మూలం చాలాసార్లు ఆ ఉబ్బే.

వాడని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్‌లో అడుగు అరలోనో తలుపు అరలోనో పెట్టాలి గానీ డీప్ ఫ్రీజర్‌లో కాదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. ఫ్రిజ్ లేని ఇళ్లలో కుండ పనికొస్తుంది. పెద్ద కుండలో ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, ఇసుకను తడుపుతూ, సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి లోపలి కుండలో ఉంచుతారు. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. రామగుండం, రెంటచింతల లాంటి ఊళ్ల పొడి ఎండల్లో ఇది బాగా పనిచేస్తుంది. ఉక్కపోత ఎక్కువైన కోస్తా ఊళ్లలో గాలిలోనే తేమ ఉండటంతో అంతగా చల్లబడదు. వాడటం మొదలుపెట్టిన సీసాను నాలుగు వారాలు దాటి వాడకూడదు. ఎండలో నిలిపిన కారులో, బండి డిక్కీలో సీసా వదిలేయడం చూడటానికి చిన్న మరుపే. ఆ తర్వాత వారం రోజులు చక్కెర ఎందుకు దిగడం లేదో ఎవరికీ అంతుపట్టదు.

‘లో’ అయినప్పుడు

చక్కెర 70 కంటే తగ్గడాన్ని ఈ ఇళ్లలో ‘లో అయింది’ అంటారు. చెమట, వణుకు, గుండెదడ, ఆకలి, ముఖం పాలిపోవడం మొదటి గుర్తులు. మెదడుకు చక్కెర చాలకపోతే చిరాకు, తడబాటు, మాట ముద్దకట్టడం, చివరకు ఫిట్స్, స్పృహ తప్పడం. చిన్నపిల్లలు తమకు ఏమవుతోందో చెప్పలేరు. ఆడుకుంటున్నవాడు ఊరికే గోడకు ఆనుకుని కూర్చుంటాడు, లేదా కారణం లేకుండా ఏడుస్తాడు. రోజూ చూసే అమ్మకు ఆ మొహంలో తేడా తెలుస్తుంది. అరవైమంది పిల్లల్ని చూసే పంతులుగారికి తెలియాలంటే ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాలి.

పెద్ద పిల్లలకైతే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ లేదా పంచదార ఇవ్వాలి. పంచదార అయితే మూడు టీ స్పూన్లు, నీళ్లలో కలిపి. చిన్నపిల్లలకు బరువును బట్టి తక్కువ. పావుగంట ఆగి మళ్లీ గుచ్చి చూడాలి, పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి. చాక్లెట్ మంచి ఎంపిక కాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. స్పృహ తప్పిన బిడ్డ నోట్లో నీళ్లుగానీ, పంచదార నీళ్లుగానీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, చక్కెరను పెంచే గ్లూకగాన్ సూది దగ్గరుంటే వేసి, ఆస్పత్రికి పరుగెత్తాలి.

సాయంత్రం కబడ్డీ ఆడిన బిడ్డకు ‘లో’ ఆ సాయంత్రమే రావాలని లేదు. ఖర్చయిన నిల్వలను కండరాలు రాత్రంతా రక్తంలోంచి లాక్కుంటూనే ఉంటాయి. తెల్లవారుజామున రెండింటికో మూడింటికో అలారం పెట్టుకుని లేచి నిద్రపోతున్న బిడ్డ వేలు గుచ్చే తల్లులు ఎందుకు అంతమందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆటలు మాన్పించడం మాత్రం తప్పు వైద్యం. పాకిస్తాన్ క్రికెటర్ వసీం అక్రమ్‌కు ఈ జబ్బు ముప్పై ఏళ్ల వయసులో, 1997లో బయటపడింది. ఆ తర్వాత ఆరేళ్లకు, 2003 ప్రపంచకప్‌లో ఆయన వన్డేల్లో 500 వికెట్లు పూర్తిచేశాడు. ఆటకు ముందు తినడం, మోతాదు తగ్గించడం, జేబులో గ్లూకోజ్ పొట్లం ఉంచుకోవడం చాలు.

బడి గంటల మధ్య

బడికి వెళ్లే బిడ్డ మెలకువగా ఉండే సమయంలో దాదాపు సగం ఇంటి బయటే గడుపుతుంది. మధ్యాహ్నం సూది ఎక్కడ వేసుకోవాలన్నది మొదటి ప్రశ్న. చాలాచోట్ల దానికి జవాబు మరుగుదొడ్డి. తోటి పిల్లల చూపులు తప్పించుకోవడానికి పిల్లలు ఎంచుకునే చోటు అదే. శుభ్రతకైనా, ఆత్మగౌరవానికైనా అంతకంటే అధ్వానమైన చోటు బడిలో మరొకటి ఉండదు. స్టాఫ్ రూములో ఒక కుర్చీ, సూదులు పడేయడానికి ఒక గట్టి డబ్బా ఇస్తే సరిపోయే పని ఇది. మధ్యాహ్న సూదిని ఎగ్గొట్టి సాయంత్రం ఇంటికొచ్చి 350 చూపించే పిల్లల్లో చాలామందికి బద్ధకం కాదు, చోటు లేకపోవడం కారణం.

పరీక్షల విషయంలో కొంత కదలిక వచ్చింది. సీబీఎస్‌ఈ 2017లో ఈ పిల్లలు పరీక్ష హాల్లోకి షుగర్ బిళ్లలు, పండ్లు, చిన్న తినుబండారాలు, నీళ్ల సీసా తీసుకెళ్లడానికి అనుమతించింది. 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఈ పిల్లలకు బడిలో తగిన సంరక్షణ ఉండాలని రాష్ట్రాలకు రాసింది. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం బడి వేళల్లో చక్కెర పరీక్షించుకోవడానికి, సూది వేసుకోవడానికి, మధ్యలో తినడానికి అనుమతిస్తూ ఉత్తర్వులిచ్చింది. గురుకులాల్లో, హాస్టళ్లలో ఉండే పిల్లలకు ఈ అవసరం మరీ ఎక్కువ. అక్కడ రాత్రి పూట కూడా అమ్మ ఉండదు. వార్డెన్ గదిలోని ఫ్రిజ్‌కు తాళం వేసి ఉంటే ఆ తాళంచెవి రాత్రి ఎవరి దగ్గర ఉంటుందన్నది అక్కడ ప్రాణానికి సంబంధించిన విషయం.

ఇంట్లో, పండగలో, జ్వరంలో

జబ్బు బయటపడ్డ కొన్ని వారాలకు చాలామంది పిల్లల్లో ఇన్సులిన్ అవసరం బాగా తగ్గిపోతుంది. మిగిలిన కొద్ది బీటా కణాలు ఊపిరి పీల్చుకుని పనిచేయడమే దీనికి కారణం. డాక్టర్లు దీన్ని హనీమూన్ దశ అంటారు. వారాల నుంచి నెలల దాకా ఉండే ఈ దశలోనే మొక్కులు ఫలించాయని, ఆయుర్వేదం పనిచేసిందని అనిపిస్తుంది. నాటువైద్యుల పేరుప్రతిష్ఠలు కొన్ని ఈ దశ పుణ్యమే. అవసరం తగ్గితే డాక్టరు మోతాదు తగ్గిస్తాడు గానీ సూదిని పూర్తిగా ఆపడు.

జ్వరం వచ్చినప్పుడు లెక్క తలకిందులవుతుంది. బిడ్డ ఏమీ తినడం లేదు కదా అని సూది మానేయడం సహజంగా తోచే ఆలోచన, ప్రాణం మీదికి తెచ్చే ఆలోచన కూడా. జ్వరంలో ఒళ్లు తనంతట తానే చక్కెరను వదులుతుంది, అందుకే తినకపోయినా ఇన్సులిన్ కావాలి, ఒక్కోసారి మామూలు కంటే ఎక్కువే. రెండు మూడు గంటలకోసారి చక్కెర చూస్తూ, మూత్రంలో కీటోన్లు చూస్తూ, నీళ్లు పట్టిస్తూ ఉండాలి.

పండగకు బిడ్డకు వేరే గిన్నెలో ఉప్పిడి పిండి పెట్టి మిగతావాళ్లంతా బొబ్బట్లు తినే ఇళ్లున్నాయి. ప్రేమతోనే చేస్తారు. కానీ నాలుగు సూదుల పద్ధతిలో ఉన్న బిడ్డకు ఒక బొబ్బట్టు నిషిద్ధం కాదు. దానికి సరిపడా యూనిట్లు కలిపితే చాలు. నిషేధాలు పెంచినకొద్దీ పిల్లలు దొంగచాటుగా తినడం నేర్చుకుంటారు, తిన్నది చెప్పరు గనక దానికి మందూ పడదు.

కౌమారంలో పెరుగుదల హార్మోన్లు ఇన్సులిన్‌కు అడ్డుపడతాయి, మోతాదు బాగా పెరుగుతుంది. ఆడపిల్లల్లో నెలసరి ముందు చక్కెర ఎగబాకడం మామూలే. సరిగ్గా ఈ వయసులోనే పిల్లలు విసిగిపోతారు. రాసే పుస్తకంలో ఊహించిన అంకెలు వేసి డాక్టరుకు చూపిస్తారు. గత మూడు నెలల సగటును పట్టిచ్చే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అది బయటపడుతుంది. అప్పుడు తిట్లు తినే బిడ్డకంటే ‘చాలా కష్టంగా ఉందా’ అని అడిగించుకున్న బిడ్డ త్వరగా దారికొస్తుందని మధుమేహం క్లినిక్కుల్లో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. ఆడపిల్లల ఇళ్లలో మరో బరువు పెళ్లి. సంబంధాలు రావని జబ్బు దాచిపెడతారు. దాచాలంటే సూది కూడా దాచాలి. పెళ్లయి వెళ్లిన ఇంట్లో సూది దాచుకోవడం ఎంత ప్రమాదమో పైన చెప్పినదంతా చదివినవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. చక్కెర అదుపులో ఉంటే గర్భం ధరించడానికి, బిడ్డను కనడానికి ఈ జబ్బు అడ్డు కాదు.

స్ట్రిప్పుల ఖర్చు

ఇన్సులిన్ సీసా ఖరీదు కుటుంబాలు ఎలాగో భరిస్తాయి, ప్రభుత్వాస్పత్రుల్లో ఉచితంగానూ దొరుకుతుంది. జేబుకు చిల్లు పెట్టేది స్ట్రిప్. రోజుకు నాలుగైదు సార్లు చూడాలంటే నెలకు నూటయాభై దాకా కావాలి. అన్ని కొనలేక రోజుకు ఒకసారికి తగ్గించుకునే ఇంట్లో మోతాదు లెక్క గుడ్డిలెక్కే. చేతికి అంటించుకుంటే రెండు వారాల పాటు నిమిషాలవారీగా చక్కెరను చూపించే సెన్సర్లు వచ్చాయి. ఇన్సులిన్ పంపులు వచ్చాయి. రాత్రి అలారాల అవసరాన్ని అవి చాలా తగ్గిస్తాయి గానీ ఒకటి వేలల్లో, రెండోది లక్షల్లో పలుకుతుంది. ఆస్పత్రిలో చేరితే అయ్యే ఖర్చును భరించే బీమా పథకాల చూపు ఇంటి వైద్యం మీద పెద్దగా పడలేదు. కీటోఆసిడోసిస్‌తో ఐసీయూలో పడితే సాయం, అది రాకుండా ఆపే స్ట్రిప్పులకు సాయం లేదు.

కేరళ 2018లో ‘మిఠాయి’ పేరుతో ఒక పథకం పెట్టి ఈ పిల్లలకు ఇన్సులిన్ పెన్నులు, సెన్సర్లు, పంపుల దాకా ఉచితంగా ఇస్తోంది. చక్కెర జబ్బు పిల్లల పథకానికి ఆ పేరు పెట్టినవాళ్ల చమత్కారాన్ని మెచ్చుకోవాలి. దేశవ్యాప్తంగా చూస్తే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ ఉన్నాయి, టైప్ 1 మధుమేహం లేదు. చేర్చాలని కోరే తల్లిదండ్రులున్నారు. ఆ ముద్ర పడితే ఉద్యోగాల్లో, పెళ్లిళ్లలో మరింత వెనక్కి నెడతారని జంకేవాళ్లూ ఉన్నారు. రెండు వాదనలూ తీసిపారేసేవి కావు.

పెద్దయ్యేకొద్దీ సూది ఎవరి చేతిలో ఉండాలన్నది మారుతూ వస్తుంది. ఆరేడేళ్ల బిడ్డ వేలు తానే గుచ్చుకోగలదు. పదేళ్లకు పెద్దవాళ్ల ఎదుట సూది వేసుకోగలదు. లెక్క వేయడం మాత్రం ఇంకా పెద్దవాళ్ల పనే. పదమూడు, పద్నాలుగేళ్లకు అన్నీ వచ్చేస్తాయి గనక ఇక వదిలేద్దామని చాలామంది అనుకునేది అప్పుడే, అదుపు తప్పేదీ ఎక్కువగా అప్పుడే. దాదాపు పదకొండేళ్ల వయసు నుంచి ఏటా కంటి వెనక పొర, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష మొదలవుతాయి. థైరాయిడ్, ఎత్తు, బరువు జబ్బు బయటపడ్డప్పటి నుంచే చూస్తారు. పద్దెనిమిది దాటాక పిల్లల డాక్టరు నుంచి పెద్దల డాక్టరుకు మారాలి. ఆ మార్పులో ఫైలు పోవడం, ఆర్నెల్లపాటు ఏ డాక్టరు దగ్గరికీ వెళ్లకపోవడం తరచు జరిగేవే. పాత డాక్టరు, కొత్త డాక్టరు ఒకేసారి కూర్చుని చూసే క్లినిక్కులు కొన్నిచోట్ల ఉన్నాయి. లేనిచోట పాత డాక్టరు రాసిచ్చిన కాగితంలో ఇప్పటి మోతాదులు, పిండిపదార్థం నిష్పత్తి, గతంలో తీవ్రంగా ‘లో’ అయిన సందర్భాలు, కంటి, మూత్ర పరీక్షల చివరి ఫలితాలు ఉండాలి.